టార్చిలైటు ఇంట్లో కరెంటు దొంగ

ఆయన్ని ఆఫీసులో అందరూ టార్చిలైటు అనేవారు. మొహం మీద కాదు, వెనకాల. కరెంటు దొంగతనాలు పట్టుకునే స్క్వాడులో ఆయన ఇన్‌స్పెక్టరు. మిట్టమధ్యాహ్నం ఎండ పడుతున్న మీటరు మీద కూడా టార్చి వేసి చూస్తేగాని ఆయనకు తృప్తి ఉండేది కాదు. మామూలు వెలుగులో కనిపించేది జనం మనకు చూపించాలనుకున్నదనీ, టార్చి వేస్తే కనిపించేది అసలుదనీ ఆయన సిద్ధాంతం.

కొందరు ఉద్యోగపు బుద్ధిని చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి ఇంట్లోకి వస్తారు. ఈయన బుద్ధి ఈయన కంటే ముందే వచ్చి కుర్చీలో కూర్చునేది. పాలు పొంగిపోయాయంటే అప్పుడు పొయ్యి దగ్గర ఎవరున్నారని అడిగేవాడు. తలుపు దానంతట అదే పడిందంటే నమ్మేవాడు కాదు, వెళ్ళి గడియ పరీక్షించి వచ్చేవాడు. ఆయన భార్య మొదట్లో దీనికి ఏడ్చింది, తర్వాత నవ్వింది, ఆ తర్వాత పట్టించుకోవడం మానేసింది.

ఆయనలో ఒక గొప్ప గుణం కూడా ఉంది, అది చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది. తనిఖీకి వెళ్ళిన చోట ఆయన మంచినీళ్ళు కూడా ముట్టడు. చెమటలు కారిపోతున్నా ఫ్యాను వెయ్యనివ్వడు. ఫోను చచ్చిపోతే చచ్చిపోనిస్తాడుగాని వాళ్ళ ప్లగ్గులో పెట్టడు. ఎవరి కరెంటు లెక్క తేల్చడానికి వచ్చామో వాళ్ళ కరెంటే వాడుకుంటే ఇక తేల్చేదేముందని అడిగేవాడు. సర్వీసంతా ఆ ఒక్క పట్టుదల మీదే నిలబడి ఉన్నానని ఆయన నమ్మకం, అది నిజం కూడాను.

అలాంటి మనిషి చేతికి ఆఫీసువాళ్ళు ఒక నెట్‌బుక్ ఇచ్చారు. నెట్‌బుక్ అంటే బుల్లి ల్యాప్‌టాప్, పలక కంటే కాస్త పెద్దది. ఎవరెవరో వాడి వదిలేసినది. ఆఫీసులో కంప్యూటర్లు చూసే అమ్మాయి దాన్ని తుడిచి, లినక్స్ అనే తేలికపాటి సిస్టం వేసి, "పాత బండికి ఇదే సుఖం సార్" అని అప్పగించింది. తనిఖీ నివేదికను అక్కడికక్కడే, యజమాని కళ్ళముందే టైపు చేయాలని కొత్తగా రూలు వచ్చింది. టార్చిలైటుకు ఆ రూలు తెగ నచ్చింది.

నచ్చిన ముచ్చట ఐసు ఫ్యాక్టరీలో తీరిపోయింది. మీటరును తప్పించి గోడ వెనక నుంచి లాగిన తీగను ఆయన పట్టుకున్నాడు. యజమాని నీళ్ళు నమిలాడు. టార్చిలైటు విజయగర్వంతో బల్ల ముందు కూర్చుని నివేదిక మొదలుపెట్టాడు. సగంలో ఉండగా తెర నల్లబడిపోయింది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

"అయ్యో, ఛార్జింగ్ అయిపోయిందా సార్?" అన్నాడు యజమాని, ఒక్కసారిగా ప్రాణం లేచివచ్చినట్టు. "అదిగో ప్లగ్గు. మా కరెంటే వాడుకోండి, మొహమాటపడకండి."

వెనక నిలబడ్డ పనివాళ్ళు మొహాలు పక్కకు తిప్పుకుని నవ్వారు. సొంత స్క్వాడు డ్రైవరు కూడా నవ్వాడు. టార్చిలైటుకు తల తీసేసినట్టయింది. నివేదిక పూర్తి కాకుండానే లేచి వచ్చేశాడు.

ఇంటికి వస్తూ దారంతా ఆలోచించాడు. తెల్లవారుజామున దాడులకు వెళ్ళొచ్చాక నెట్‌బుక్‌ను నిండుగా ఛార్జి చేసి, ప్లగ్గు పీకేసి, మూత వేసి, ముందుగదిలో బల్ల మీద పెట్టి ఆఫీసుకు వెళ్తాడు. సాయంత్రం దాడికి దాన్నే తీసుకెళ్తాడు. నిండుగా పెట్టి వెళ్ళినది సాయంత్రానికి బాగా తగ్గి ఉంటోంది. మూత పెట్టిన డబ్బాలో పంచదార తగ్గిందంటే ఎవరో తిన్నట్టే కదా. మరి మధ్యాహ్నం పూట ఆ ముందుగదిలో ఉండేది ఎవరు?

బావమరిది. భార్యకు తమ్ముడు. ఒక పత్రికాఫీసులో కంప్యూటర్ మీద పేజీలు పెట్టేవాడు. పత్రిక మూతపడితే ఒక పెట్టెతో, ఒక కళ్ళజోడుతో అక్క ఇంటికి వచ్చాడు. ముందుగదిలో మంచం, కిటికీలో దువ్వెన, అంతే అతని సంసారం. పెళ్ళి చేసుకోలేదు, అప్పు అడగడు, ఎదురుచెప్పడు, పెట్టింది తిని పళ్ళెం కడిగి పెడతాడు. ఇదే టార్చిలైటుకు మింగుడుపడలేదు. మాట్లాడేవాళ్ళను ఆయన నమ్మడు, మాట్లాడనివాళ్ళను అసలే నమ్మడు.

"మధ్యాహ్నం ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారు?" అని ఆ సాయంత్రం భార్యను అడిగాడు.

"నేనుంటాను. నన్ను పట్టుకెళ్తారా?"

"నువ్వు దాన్ని ముట్టవని నాకు తెలుసు."

"అంటే మా తమ్ముడి మీదకా ఇప్పుడు టార్చి?" ఆవిడ కూరగాయల కత్తి పక్కన పెట్టింది. "చూడండి, ఇన్నాళ్ళూ మీరు ఏమన్నా ఊరుకున్నాను. వాడు పని పోయి, మొహం చూపించుకోలేక వచ్చాడు. నిరూపణ లేకుండా వాడిని ఒక్క మాట అన్నారో, వాడి పెట్టె పక్కన నా పెట్టె కూడా సర్దుతాను."

"నిరూపిస్తే?"

"నిరూపించండి. నేనే వాడిని పంపించేస్తాను."

నిరూపణ అన్న మాట వినగానే టార్చిలైటు కళ్ళు మెరిశాయి. మర్నాడు కంప్యూటర్ల అమ్మాయి దగ్గరికి వెళ్ళి, నెట్‌బుక్ ముందుకు ఎవరొచ్చినా వాళ్ళ ఫొటో దానంతట అదే తీసేలా చేయమన్నాడు.

"చేస్తాను సార్. కానీ కెమెరా ఛార్జింగ్ తింటుంది."

"గోరంత లేదు, అదెంత తింటుందమ్మా?"

"అదొక్కటే కాదు సార్. కెమెరా చూస్తున్నంతసేపూ లోపల ఏదీ పడుకోవడానికి లేదు, అన్నీ మేలుకుని కూర్చోవాలి."

"కూర్చోనీ. దొంగ దొరికేదాకా మేం మాత్రం పడుకుంటామా?"

ఆ అమ్మాయి పెట్టేసింది. దానితో పాటు, లోపల ఏది ఎంత కరెంటు తాగుతోందో వరసగా చూపించే ఒక ప్రోగ్రాము కూడా చూపించింది. అందులో సగం వరసల పక్కన 'బాగోలేదు' అని ఉంది. టార్చిలైటు వాటిని చదివాడుగాని అప్పుడాయన మనసంతా కెమెరా మీదే ఉంది.

మర్నాటి నుంచి నెట్‌బుక్ మూత వేయడం మానేశాడు. "మూత బిగుసుకుపోతోంది, తెరిచే ఉండనీ" అని గోడకు చెప్పినట్టు చెప్పి, కెమెరా కన్ను గదివైపు తిప్పి వెళ్ళాడు. సాయంత్రం వచ్చి చూస్తే ఛార్జి మునుపటి కంటే ఘోరంగా పడిపోయింది. ఆ మర్నాడూ అంతే. టార్చిలైటు లోలోపల సంబరపడ్డాడు. కాపలా పెట్టాక దొంగ రెచ్చిపోయాడన్నమాట! ఈ లోపు సాయంత్రం దాడులను ఏదో ఒక వంక చెప్పి వాయిదా వేస్తూ వచ్చాడు. ఐసు ఫ్యాక్టరీ నివేదిక అలాగే సగంలో ఉండిపోయింది.

ఆదివారం పొద్దున భార్య బట్టలు ఆరేయడానికి మేడ మీదకు వెళ్ళింది, బావమరిది స్నానానికి వెళ్ళాడు. టార్చిలైటు పడకగది తలుపు వేసుకుని ఫొటోలు తెరిచాడు. ఉన్నాడు. ప్రతి మధ్యాహ్నం ఉన్నాడు. కళ్ళజోడు ముక్కు మీదకు జారి, తెరలోకి తొంగిచూస్తూ బావమరిది. కొన్నిట్లో అయితే సరిగ్గా కెమెరా కన్నులోకే చూస్తున్నాడు. ఎంత ధైర్యం!

కానీ ఆయన పాతకాపు. ముద్దాయి దొరికితే చాలదు, ఏం కాజేశాడో కూడా తేలాలి. అనుమానమున్న ఇంట్లో ఆయన చేసే పని ఒకటుంది. ఒక్కొక్క దీపం, ఒక్కొక్క యంత్రం ఆపించి, ప్రతిసారీ మీటరు దగ్గరికి వెళ్ళి చూస్తాడు. అన్నీ ఆపినా మీటరు తిరుగుతుంటే ఎక్కడో దొంగ తీగ ఉన్నట్టే. ఇక్కడా అదే చేద్దామని ప్లగ్గు పీకేసి, ఆ అమ్మాయి చూపించిన ప్రోగ్రాము తెరిచి కూర్చున్నాడు.

ముందు తెర వెలుగు తగ్గించబోయాడు. అది అప్పటికే తగ్గి ఉంది. ఆయనకు ఎప్పుడూ పూర్తి వెలుగు ఉండాలి, తను తగ్గించనే లేదు. ఈమధ్య తెర మసకగా ఉంటే చూపు మందగించిందనుకుని డాక్టరును కలుద్దామనుకున్నాడు. బ్లూటూత్ ఆపబోయాడు, అది ఆగే ఉంది. ఇంట్లో వైఫై లేకపోయినా ఎప్పుడూ వెతుకులాడుతుండే వైఫై ఇప్పుడు పడుకుని ఉంది. ఫైళ్ళన్నీ అస్తమానం తిరగేసే ప్రోగ్రాము ఒకటి ఉండాలి, దాన్నీ ఎవరో ఆపేశారు. 'బాగోలేదు' అని ఉన్న వరసలన్నీ 'బాగుంది' అంటున్నాయి. ఇంతా చేసి వరసలో అందరికంటే పైన, ఒంటరిగా, దర్జాగా కూర్చుని తాగుతున్నది ఒకటే. ఆయన పెట్టించిన కెమెరా.

టార్చిలైటు వరసలన్నీ మళ్ళీ మొదటి నుంచి చదివాడు. దొంగచాటుగా తీగ తగిలించినవాళ్ళను చూశాడు, మీటరును వెనక్కి తిప్పినవాళ్ళను చూశాడు. దొంగచాటుగా వచ్చి కరెంటు మిగిల్చి వెళ్ళినవాడిని మాత్రం ఎన్నడూ చూడలేదు. అయినా ఆయన అనుమానం అంత తేలిగ్గా ఓడిపోయే రకం కాదు. ఇంత మంచితనం ఊరికే ఎవరికి పుడుతుంది? వీడు నా దగ్గర ఏదో ఆశిస్తున్నాడు. లేదంటే ఇంతకంటే పెద్దదేదో దాస్తున్నాడు.

ఇద్దరినీ ముందుగదిలోకి పిలిచి నెట్‌బుక్ బల్ల మీద పెట్టాడు. "ఇదిగో నిరూపణ" అని భార్యకు ఫొటోలు చూపించాడు.

బావమరిది తల తుడుచుకుంటూ వంగి చూశాడు. "బాగానే వచ్చాను బావగారూ."

"వేళాకోళం తర్వాత. నా వస్తువు నువ్వెందుకు ముట్టుకున్నావ్?"

"నేనే ముట్టుకోమన్నాను" అంది భార్య. "ఐసు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు మీరు అన్నం సరిగ్గా తినలేదు. దీని సంగతేంటో చూడరా అని నేనే అడిగాను. మీకు చెబితే ముట్టనివ్వరుగా."

"మూత వేసినా అది పడుకునేది కాదు బావగారూ" అన్నాడు బావమరిది మెల్లగా. "రోజంతా ఫైళ్ళు తిరగేస్తూ, లేని వైఫై కోసం వెతుక్కుంటూ ఉండేది. అందుకే మధ్యాహ్నానికే నీరసించిపోయేది. ఒక్కొక్కటీ సరిచేశాను. రోజూ కాస్త చూసేవాడిని, మళ్ళీ ఏదైనా లేచిందేమోనని."

టార్చిలైటు దగ్గర ఇంకొక్క ప్రశ్న మిగిలింది. అది అడిగేసి గెలుద్దామనుకున్నాడు. "అన్నీ సరిచేసినవాడివి కెమెరాను ఎందుకు వదిలేశావ్? అన్నిటికంటే ఎక్కువ తాగుతోంది అదే కదా. నీకు కనపడలేదా?"

"కనపడింది. మొదటిరోజే కనపడింది."

"మరి ఆపలేదేం?"

బావమరిది తువ్వాలు మడత పెట్టాడు. "ఆపితే ఫొటోలు రావు కదా బావగారూ. రాని రోజు మీరేమనుకుంటారు?"

టార్చిలైటు ఏమనుకునేవాడో ఆయనకు బాగా తెలుసు. ఆగిపోయిన మీటరు కనిపిస్తే ఆయన మొదట ఇంటాయన చొక్కానే పట్టుకుంటాడు. అంటే ఈ మనిషి ప్రతి మధ్యాహ్నం, తనను దొంగ అనుకుంటున్న కంటి ముందుకు తెలిసితెలిసి వచ్చి కూర్చుని, అలా అనుమానించినవాడి కోసమే పని చేసి లేచి వెళ్ళాడు. టార్చిలైటుకు సిగ్గేసింది. ఐసు ఫ్యాక్టరీలో వేసిన సిగ్గు దీని ముందు ఎందుకూ పనికిరాదు.

"దీన్ని ఎలా ఆపాలి?" అని అడిగాడు చివరికి. బావమరిది చెబుతుంటే ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని తనే టైపు చేశాడు. కెమెరా పక్కన వెలుగుతున్న చిన్న దీపం ఆరిపోయింది.

"ఎలాగూ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను" అన్నాడు బావమరిది. "లేబుళ్ళు వేసే ప్రెస్సులో పని దొరికింది. ఊళ్ళోనే. గది కూడా చూసుకున్నాను. రేపు సాయంత్రం వెళ్తాను."

అక్క తమ్ముడి వైపు చూసింది, తర్వాత మొగుడి వైపు చూసింది. వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ తిట్టి ఉంటే టార్చిలైటుకు కాస్త ఊపిరాడేది.

మర్నాడు మధ్యాహ్నం దాటాక ఆయన ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాడు. మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా నివేదిక ఏకబిగిన పూర్తి చేశాడు. మధ్యలో ప్లగ్గు చూపించడానికి లేచిన యజమాని చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మరో రోజైతే ఆ చెయ్యిని తల్చుకుని వారం రోజులు మురిసిపోయేవాడు. ఆ రోజు మాత్రం డ్రైవరును ఆఫీసుకు కాదు, ఇంటికి పోనివ్వమన్నాడు.

ముందుగదిలో మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. కిటికీలో దువ్వెన లేదు. బావమరిది పెట్టె చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటున్నాడు. అక్క వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆవిడ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఉండు" అన్నాడు టార్చిలైటు. నెట్‌బుక్ తీసి అతని చేతికి ఇచ్చాడు. "ఇదొకసారి చూడు. ఛార్జి తగ్గుతోంది."

బావమరిది పెట్టె కింద పెట్టి, నిలబడే ఉండి, మూత తెరిచి చూశాడు. "ఏం తగ్గలేదు బావగారూ. ఇంత పని చేసినా సగానికి పైనే ఉంది."

"ఇవాళ ఉంది. రేపు ఉంటుందని ఏమిటి నమ్మకం?"

"ఇంక ఎవరూ చూడక్కర్లేదు. అన్నీ సరిచేశాను."

టార్చిలైటు చొక్కా జేబులోంచి టార్చి తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. బతిమాలడం ఆయనకు చేతకాదు, ఎప్పుడూ నేర్చుకోలేదు. తెలిసిన మాట ఒక్కటే ఉంది. దాన్నే నేల చూపులు చూస్తూ అన్నాడు.

"నాకు అనుమానంగా ఉందోయ్. నువ్వు రోజూ ఇక్కడే ఉండి చూస్తే బాగుంటుంది."

బావమరిది అక్క వైపు చూశాడు. ఆవిడ పెట్టె వైపు చూసింది. అతను పెట్టెను కాలితో మంచం కిందకు నెట్టి, చెప్పులు విడిచి, బల్ల దగ్గర కుర్చీ లాక్కున్నాడు.

"ఛార్జరు ఎక్కడ పెట్టారు?" అని అడిగాడు.