అటు గట్టున పిన్ని

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలెడితే లేచి వెళ్ళి గిన్నెలు తోముకునే మనిషిని నేను. ఇప్పటికీ వాటిని నమ్మను. కానీ ఇది నాకే జరిగింది.

మా అత్తవారిది అమలాపురం దగ్గర పల్లె. ఊరికీ తారు రోడ్డుకీ మధ్య కాలవ. దాటాలంటే అప్పట్లో సిమెంటు పలకలు పరిచిన సన్నటి నడక వంతెన ఒక్కటే ఉండేది.

అమ్మ పోయాక నన్ను పెంచింది మా వరం పిన్ని. నా పెళ్ళికి ముందే కువైట్‌లో ఇంటి పనికి వెళ్ళింది. సెలవు దొరక్క పెళ్ళికి కూడా రాలేకపోయింది. మా అత్తవారి ఊరు ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

ఆ రోజు పొద్దున్న బాబుని ఎత్తుకుని టీకా వేయించడానికి బయల్దేరేను. కాలవ నిండుగా పారుతోంది. వంతెన సగానికి రాబోతుండగా అటు గట్టున పిన్ని కనబడింది. నైటీ మీద తువ్వాలు వేసుకుని, చెయ్యి అడ్డంగా పెట్టి, "రాకే సత్యా, వెనక్కెళ్ళు" అంది.

కువైట్‌లో ఉన్న మనిషి ఇక్కడికెలా వచ్చిందని కూడా తోచలేదు. చిన్నప్పట్నించీ ఆ గొంతు వింటే ఆగిపోవడం అలవాటు. నేను వెనక్కి తగ్గేనో లేదో, నా ముందున్న పలకలు విరిగి నీళ్ళలో పడిపోయేయి.

ఎలా వచ్చేనో, ఇవతలి గట్టు మీద కూలబడ్డాను. బాబుని అదుముకున్న చేతులు ఎంతకీ వదులు కావడం లేదు. అక్కడ కొబ్బరికాయలు ఒలుస్తున్న ఆయన పరిగెత్తుకొచ్చి లేవదీసేరు. తర్వాత అటువైపు చూస్తూ అడిగేరు.

"ఆవిడెవరండీ? ఇప్పుడే మిమ్మల్ని కేకేసేరు. ఎటెళ్ళిపోయేరు?"

అవతల రోడ్డూ, అప్పుడే నాట్లు ఊడ్చిన చేలూ తప్ప ఏమీ లేవు. మనిషి దాక్కోవడానికి చోటే లేదు.

పిన్నికి ఏమైనా అయిందేమోనని వెంటనే ఫోన్ చేసేను. ఎత్తింది. పొద్దున్న బట్టలు ఇస్త్రీ చేస్తూ ఉన్నట్టుండి కళ్ళు తిరిగి పడిపోయిందట. ఇప్పుడు బాగానే ఉన్నానంది. పరాయి దేశంలో బెంగపెట్టుకుంటుందని వంతెన సంగతి నేను చెప్పలేదు. ఇంట్లో వాళ్ళనీ చెప్పనివ్వలేదు.

మరుసటేడు సెలవు మీద మా ఊరు వచ్చింది. అప్పటికి కొత్త వంతెన కట్టేసేరు. తీసుకురావడానికి రోడ్డు మీదికి వెళ్ళేను. ఆటో దిగి నాతో నాలుగడుగులు వేసి, గట్టు మీద ఆగిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మునుపటి వంతెన ఏదే?" అంది. "ఇక్కణ్ణించే కదే నిన్ను కేకేసేను."

ఎంత అడిగినా అంతకుమించి ఏమీ గుర్తులేదంది. ఎలా జరిగిందో ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు.