ఒక్క చుక్క తేడా

చుక్క మామయ్య కలిపిన వేసవి వైనును ఆ ఇంట్లో మొదటి నాలుగు రోజులూ ఎవరూ తాగి ఎరగరు. కలపడం ఆయన వంతు, పారబోయడమూ ఆయన వంతే.

పెయింట్ల ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్లు రంగులు కలిపిన మనిషి. ఎంత బాగా కుదిరినా "ఒక్క చుక్క తేడా ఉంది" అనడం ఆయన ఊతపదం. అందుకే ఆ పేరు. జనం ఇంకో రకం చుక్క అనుకునేవారు గానీ, తాగుడు ఆయన ఒంటికి పడదు. రెండు చెంచాలు లోపలికి పోతే చెవులు ఎర్రబడి, గోడకు కూడా నమస్కారం పెడతాడు.

అక్కకు జబ్బు ముదిరిందని సాయానికి వచ్చిన ఆ మనిషి, మర్నాడే నాలుగు వైను సీసాలు తెచ్చి వంటింట్లో దుకాణం పెట్టాడు.

అక్కకు నోటి క్యాన్సర్. రేడియేషన్ కరెంటు పెట్టించాక నాలుకంతా పుండై, రుచి చచ్చిపోయింది. పాలు పోసినా నీళ్లు పోసినా "మట్టిలా ఉంది" అని మొహం తిప్పుకునేది. "ఇక మందులు ఆపేద్దాం. ఏది అడిగితే అది ఇవ్వండి" అన్నాడు డాక్టరు. ఆవిడేమో ఏదీ అడగదు.

ఆవిడ కూతురు టైలరు. మంచం పక్కనే మిషను వేసుకుని, ఒక కన్ను కుట్టు మీద, ఒక కన్ను అమ్మ ఊపిరి మీద పెట్టి రోజులు నెట్టుకొస్తోంది. వంటింట్లోంచి మాత్రం పొద్దస్తమానం సీసాల చప్పుడే.

గ్లాసులో ఎర్ర వైను, మంచుముక్కలు, నారింజ రసం, పిండిన నిమ్మచెక్క, పైనుంచి బుస్సుమని సోడా. చూస్తేనే దాహం పుట్టేది. మేనకోడలు చెయ్యి చాచేలోపు ఆయన ఒక్క చెంచా నోట్లో వేసుకుని, కళ్లు మూసి చప్పరించి, ఉమ్మేసి, "ఊహూ" అని గ్లాసును సింకులో గుమ్మరించేవాడు.

"నాకివ్వొచ్చుగా మామయ్యా!"

"తేడా సరుకు మనవాళ్లకు పెడతానా?"

పరామర్శకు వచ్చిన పక్కింటి పోస్టుమాన్‌ను అరగంట కూర్చోబెట్టి, కళ్లముందే మూడు గ్లాసులు పారబోసి, మంచినీళ్లిచ్చి పంపాడు. "నన్నే ఎవరైనా పరామర్శించాలి" అని గొణుక్కుంటూ పోయాడాయన.

అయిదో రోజు అమ్మ గుక్కెడు నీళ్లు కూడా ముట్టలేదు. మధ్యాహ్నం వంటింట్లో మళ్లీ బుస్సుమంది. కూతురికి ఒళ్లు మండింది. అక్కడ అమ్మ పోతుంటే ఇక్కడ ఈయన ఆటలేంటని అరవడానికి వెళ్లి, గుమ్మంలోనే ఆగిపోయింది.

మామయ్య పొయ్యి మీంచి అప్పుడే దించిన టీ నోట్లో పోసుకుని, మింగకుండా పట్టుకుని నిలబడ్డాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. టీ ఉమ్మేసి, కాలిన నాలుక మీద వైను చెంచా వేసుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏం పని మామయ్యా ఇది?"

"బాగున్న నాలుకతో చూస్తే ఏం తెలుస్తుందే?" మాట ముద్దముద్దగా వచ్చింది. "నేనొచ్చిన రోజు నువ్వు మందులషాపుకెళ్లినప్పుడు మీ అమ్మ అడిగింది. 'మీ బావ ఉన్నప్పుడు ఎండాకాలం కలిపిచ్చేవాడే, అదొక్క గుక్క తాగాలనుందిరా' అంది. కుదరకపోతే బాధపడతావని నీకు చెప్పొద్దంది. నిమ్మరసం పడితే పుండు మండుతుంది. తీసేస్తే మట్టే!"

ఆమె గట్టు మీద పిండి పడేసిన నిమ్మచెక్కను తీసి వాసన చూసింది. "రసం మానేసి తొక్క నలిపి చూడు మామయ్యా. వాసన ఉంటుంది, మంట ఉండదు."

"ముప్ఫయ్యేళ్ల సర్వీసులో నాకిది తట్టలేదే!"

వైను తగ్గించారు. సోడా బుస చల్లారనిచ్చారు. నారింజ తొక్క, నిమ్మ తొక్క నలిపి వేసి, కాస్త పంచదార కలిపి మంచం దగ్గరికి తెచ్చారు. మొదటి చెంచాకు అమ్మ మొహం తిప్పుకోలేదు. రెండోదీ మింగింది. మూడోదానికి కనుబొమలు ముడిచింది.

"ఒరేయ్, తీపెక్కువైంది."

మామయ్య గంతేశాడు. "విన్నావుటే! తీపి తెలిసింది! వంక పెట్టింది!"

ఆవిడ ఆ తర్వాత పదకొండు రోజులుంది. రోజూ మూడు చెంచాలు, రోజుకో వంక. ఒకనాడు చప్పగా ఉందంది, ఒకనాడు సోడా చచ్చిందంది. ఓ సాయంత్రం మాత్రం తమ్ముణ్ణి దగ్గరికి పిలిచి, కూతురికి కూడా వినబడేలా చెప్పింది.

"మీ బావ కలిపితే ఇంతకంటే ఘోరంగా ఉండేదిరా."

"మరి అదే కావాలన్నావేంటక్కా!"

"అప్పుడు ఆయన మొహం చూసి తాగేదాన్ని. ఇప్పుడు నీ మొహం చూసి తాగుతున్నా. ఊఁ, ఇంకో చెంచా పొయ్యి."