మూసీ వైపు దర్వాజా

ఆ సోమవారం పొద్దున వెళ్ళేసరికి దర్వాజాకు రేకులు కొట్టి ఉన్నాయి.

హుస్సేనీ ఆలంలో మా ఇంటి నుంచి బయలుదేరి, నది ఒడ్డు బస్తీ గుండా నడిచి, మా విశ్వవిద్యాలయం వెనుక వైపున్న రాతి కమాను కింద నుంచి లోపలికి పోవడం చదువుకునే రోజుల నుంచీ నా అలవాటు. అక్కడే చదివి, అక్కడే చరిత్ర పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాను. ఎండాకాలం సెలవుల్లో కూడా ఆ దర్వాజా మూసి ఉండగా చూడలేదు. ఇప్పుడు కమాను నిండా కొత్త రేకులు, వాటికి అడ్డంగా గొలుసు, తాళం. కాపలా మనిషిని అడిగితే వీసీ మేడమ్ ఆర్డర్ అన్నాడు. ఎందుకని అడిగితే తనకు చెప్పలేదన్నాడు. ముందు గేటుకు చుట్టూ తిరిగి వెళ్ళేసరికి నా మొదటి క్లాసు సగం అయిపోయింది.

బయటివాళ్ళకు అదొక పాత గేటు. మాకు అలా కాదు. మా విశ్వవిద్యాలయం మొదట ఒక నవాబు దేవిడీ, ఆయన కుటుంబం ఉండే భవంతి. తర్వాత పంతుళ్ళకు శిక్షణ ఇచ్చే బడి అయింది, ఆ తర్వాత కాలేజీ, చివరికి విశ్వవిద్యాలయం. ఎప్పుడో మూసీ పొంగి ఒడ్డున ఇళ్ళు కొట్టుకుపోతుంటే, నవాబు ఆ దర్వాజా తెరిపించి బస్తీ జనాన్నంతా లోపల కాపాడాడని ప్రతి సభలోనూ ఎవరో ఒకరు చెప్తారు. ఆ గుర్తుగా ఏటా స్థాపన దినం నాడు బస్తీ వాళ్ళందరికీ దర్వాజా తెరుస్తారు. మావాళ్ళు దాన్ని ఖులా దిన్ అంటారు. ఆ రోజు ఎవరైనా లోపలికి రావచ్చు, ఏ క్లాసులోనైనా కూర్చోవచ్చు, ఏమైనా అడగవచ్చు. పాఠం చెప్పేవాళ్ళు జవాబు చెప్పి తీరాలి. తెలియకపోతే తెలియదని ఒప్పుకోవాలి.

మా నాయనమ్మ నన్ను మొదటిసారి లోపలికి తీసుకెళ్ళింది అలాంటి ఒక రోజునే. కెమిస్ట్రీ ల్యాబులో ఒక మేడమ్ నీళ్ళలా ఉన్నదాన్ని గాజు గొట్టంలో గులాబీ రంగుకు మార్చి చూపిస్తే, ఇది బట్టకు వేస్తే నిలుస్తుందా అని మా నాయనమ్మ అడిగింది. నిలవదని చెప్పి, ఎందుకు నిలవదో కూడా ఆ మేడమ్ ఓపిగ్గా చెప్పింది. మా గల్లీలో చదువుకున్న ఆడపిల్లల్లో చాలామంది ఆ కమాను కింద నుంచి వచ్చినవాళ్ళే.

వీసీ మేడమ్ వచ్చి అప్పటికి కొన్ని నెలలే అయింది. గోదావరి వైపు మనిషి. హైదరాబాదులో చాలా ఏళ్ళు ఉద్యోగం చేసినా, నది దాటి ఇవతలికి వచ్చింది లేదని విన్నాం. అంతకుముందు వచ్చిన వీసీలు మొదటి వారంలోనే శాలువాలు కప్పించుకుని ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళు. ఈమె ఉపన్యాసం ఇవ్వలేదు. స్టాఫ్ రూముకు వచ్చి టీ తాగలేదు. మధ్యాహ్నం ఎండలో ఒంటరిగా పాత కట్టడాల చుట్టూ తిరుగుతూ గోడల వంక చూసేవారు. మాతో మాట్లాడకుండా గోడలను చూసే మనిషి మీద మాకెవరికీ నమ్మకం కుదరలేదు.

దర్వాజా మూసిన వారంలోనే, లైబ్రరీ కిటికీలోంచి చూస్తే ఆమె ఇద్దరు కొత్త మనుషులతో కమాను దగ్గర నిలబడి ఉన్నారు. ఒకతను టేపు పట్టుకుని గోడ పొడవు కొలుస్తున్నాడు. ఇంకొకతను మూడు కాళ్ళ స్టాండు మీద పెట్టిన యంత్రంలోంచి నది వైపు చూస్తున్నాడు. ఆమె తల ఎత్తి కిటికీలో నన్ను చూశారు. వెంటనే వాళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని గోడ చాటుకు వెళ్ళిపోయారు. ఆ చాటుకు పోవడమే నాకు నచ్చలేదు.

నయాపూల్ దగ్గర మా బాపుకు గోటా, జరీ అంచుల హోల్‌సేల్ దుకాణం ఉంది. మా తాతల నాటిది. నేను చూసినదాన్ని మనసులోనే పెట్టుకుని సాయంత్రం అక్కడికి వెళ్ళేసరికి, బాపుకు నాకంటే ముందే వార్త చేరింది. నది ఒడ్డును బాగు చేస్తారని, ఒడ్డు మీది ఇళ్ళు తీసేస్తారని ఆ రోజుల్లో బజారంతా ఒకటే మాట. అందుకని దర్వాజా మూశారనగానే అందరూ ఒకే లెక్క వేసుకున్నారు.

"మీ యూనివర్సిటీ ఎనుక జాగ పోతున్నదంట గద బిడ్డా. ఎవలకిస్తున్నరు?" అని అడిగాడు బాపు.

నాకేమీ తెలియదన్నాను.

"ఆడ నౌకరీ చేసేటోళ్ళకు తెల్వకపోతే ఇంకెవలకు తెలుస్తది?"

నవ్వుతూ అన్న మాట కాదది. నన్ను కూడా అనుమానిస్తున్నాడని అర్థమైంది. మర్నాడు గల్లీలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు నన్ను చూసి మాట్లాడుకుంటున్నది ఆపేశారు.

ఆ తర్వాత కొద్ది రోజులకు వీసీ మేడమ్ నన్ను తన గదికి పిలిపించారు. మాది హుస్సేనీ ఆలమేనా అని అడిగారు. అక్కడ మన యూనివర్సిటీలో బాగా పాత రోజుల్లో చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే తనను తీసుకెళ్ళమన్నారు. కారు వద్దన్నారు. తాను వస్తున్నట్టు ఎవరికీ చెప్పవద్దని కూడా అన్నారు. నా మొహం చూపించి బస్తీని మంచి చేసుకోవాలని చూస్తున్నారేమో అనిపించింది. కాదనే ధైర్యం లేదు. అయితే నేరుగా ఇంటి వైపు కాకుండా ఆమెను ముందు బాపు దుకాణానికి తీసుకెళ్ళాను. గల్లా ముందు కూర్చున్న మనిషి ఎలాంటిదో బాపు చూస్తే చెప్పగలడని నా నమ్మకం.

బాపు స్టూలు వేయించి చాయ్ తెప్పించాడు. ఆమె కప్పు చేతిలోకి తీసుకునేదాకా ఆగి, "ఒక్క మాట అడుగుత మేడమ్, ఏమనుకోకుండ్రి. ఆ దర్వాజ ఎందుకు బంద్ చేసిండ్రు?" అన్నాడు.

"ఇప్పుడు చెప్పలేనండీ."

"మరి ఎన్నడు చెప్తరు?"

"పని అయ్యాక చెబుతాను."

మేము మెట్లు దిగుతుంటే బాపు నా వెనుక వచ్చి, మెల్లగా అన్నాడు. "పని అయినంక చెప్తదంట. గప్పుడు చెప్పుడెందుకు, కండ్లకు కనవడ్తది గద."

నేను ఆమెను తీసుకెళ్ళింది మా ఎదురింటి ఆపా దగ్గరికి. ఆపా లెక్కల టీచరుగా చేసి చాలా కాలం క్రితం రిటైరయింది. మా గల్లీ నుంచి ఆ విశ్వవిద్యాలయంలో చదివిన మొదటి ఆడపిల్ల ఆమే. వయసులో చిన్నవాళ్ళూ పెద్దవాళ్ళూ, మా బాపుతో సహా అందరూ ఆమెను ఆపా, అంటే అక్క, అనే పిలుస్తారు. మోకాళ్ళ నొప్పులతో తన చెక్క మంచం, తఖ్త్, దిగడం తగ్గించింది కానీ చూపు, మాట ఏమీ తగ్గలేదు.

మేడమ్ నమస్కారం పెట్టి, దర్వాజా కథ చెప్పమని అడిగారు. నవాబు దయ గురించి మళ్ళీ వినాల్సి వస్తుందనుకున్నాను. ఆపా తల అడ్డంగా ఊపింది.

"నవాబ్ సాబ్ తెరిపియ్యలే. గేటుకు లోపటి దిక్కు గడియ పెట్టిపిచ్చిండు. మా దాదీ, ఇంకా ఒడ్డు మీది ఆడోళ్ళంత కలిసి, నీళ్ళల్ల కొట్టుకొచ్చిన దూలం ఎత్తుకొచ్చి గుద్దితే గడియ ఇరిగింది. ఆ దెబ్బలకే కమాను మీది రాయి కదిలింది. మీ సభలల్ల చెప్పేదంత తర్వాత అల్లిన ముచ్చట."

అన్నేళ్ళు ఎదురింట్లో ఉండి, చరిత్ర చెప్పుకుని బతుకుతూ, నేనీ మాట వినలేదు. మేడమ్ మాత్రం దూలం దగ్గర, ఆడవాళ్ళ దగ్గర ఆగలేదు. ముందుకు వంగి, కదిలిన రాయి ఏ వైపుదని అడిగారు. ఆపా చదివే రోజుల్లో ఆ కమానుకు మరమ్మతు ఏమైనా జరిగిందా, చేసినవాళ్ళెవరు అని అడిగారు.

"గిదంత మీకెందుకు?" అంది ఆపా.

మేడమ్ నా వైపు చూశారు.

"ఆమె ముంగట చెప్పొద్దా? ఆమె మా గల్లీ పిల్ల."

"అందుకేనండీ," అన్నారు మేడమ్.

నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ నేను ఆమెను కనిపెట్టుకుని తిరుగుతున్నాననుకున్నాను. ఆమె కూడా నన్ను కనిపెడుతూనే ఉన్నారన్నమాట. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. ఆపా నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది. ఉన్న సంగతి చెప్పకపోతే తానూ ఏమీ చెప్పనని మేడమ్‌తో గట్టిగా అంది.

అప్పుడు చెప్పారు. కమాను పగిలింది. పిల్లలు రోజూ దాని కింద నుంచే పోతున్నారు, అందుకే మూయించారు. ప్రమాదకరమైన కట్టడం అన్న మాట ఒక్కసారి పైకి వెళ్ళిందంటే, కమానుతో పాటు నది వైపు భవనాలన్నీ కూల్చడానికి అదే సాకు అవుతుందని ఆమె భయం. గుట్టుగా బాగు చేయించాలనుకున్నారు. ఆ రోజు కొలతలకు వచ్చినవాళ్ళు ఆమెకు తెలిసిన ఇంజినీర్లు. పాత సున్నం పని తెలిసినవాళ్ళు కావాలి, అంతకుముందు ఎవరు ఎలా నిలబెట్టారో తెలియాలి.

"బస్తీకి చెప్తే ఏమైతుండె?" అని అడిగింది ఆపా.

"మీలో ఎవరో ఒకరు బయట చెప్పేస్తారనుకున్నాను."

"మీరు మమ్మల్ని శక్ చేసిండ్రు, మా మీద అనుమానం పెట్టుకున్నరు. మేం మిమ్మల్ని శక్ చేసినం. హిసాబ్ బరాబర్, లెక్క సమానం." అలా అన్నదేగానీ ఆపా మొహంలో నవ్వు లేదు. "అయినా నేను కండ్లతోని చూసినంకనే నమ్ముత."

ఆపా మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగి ఆటో ఎక్కింది. మేడమ్ తాళం తీయించి ఒక రేకు పక్కకు జరిపారు. కమాను నడిమి రాయి పక్క నుంచి కిందికి దిగిన పగులు మా ముగ్గురికీ స్పష్టంగా కనబడింది. కిందివైపు ఆపా చెయ్యి పెడితే వేళ్ళు లోపలికి పోయాయి. చేతికంటిన సున్నం పొడిని వేళ్ళతో రాసి చూసుకుంది. తర్వాత, తాను చదివే రోజుల్లో దీన్ని పురానాపూల్ దగ్గరి మేస్త్రీల కుటుంబం బాగు చేసిందని, వాళ్ళ మనుమలు ఇంకా అక్కడే ఉన్నారని చెప్పింది.

ఆ సాయంత్రం జరిగిందంతా బాపుకు ఒక్కడికే చెప్పాను. నా అనుమానం తీరినట్టే ఉంది గానీ, ఆయనది తీరలేదు. "పగులు నిజమే అయితది. పగులు పేరు చెప్పి జాగ ఇయ్యరని ఏం నమ్మకం?" అన్నాడు. ఆ రాత్రి నుంచి నాకూ అదే ప్రశ్న మొదలైంది.

స్థాపన దినం వచ్చింది. కమాను ఇంకా రేకుల వెనుకే ఉంది. ముందు గేటు నుంచి అందరూ రావచ్చని మైకులో చెప్పించారు. ఎవరూ రాలేదు. క్లాసు గదుల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మేమంతా తయారై నిలబడ్డాం, వరండాలు ఖాళీ. అది నా ఉద్యోగంలో నేను చూసిన అన్నిటికంటే చిన్నబుచ్చే పొద్దు. మేడమ్ ఒక్కో గది ముందు ఆగి లోపలికి చూసి వెళ్తున్నారు.

మధ్యాహ్నానికి ఆపా వచ్చింది. ఆమె వెనుక మా గల్లీ ఆడవాళ్ళు, వాళ్ళ వెనుక నయాపూల్ దుకాణాల వాళ్ళు కొందరు. వాళ్ళలో మా బాపు. ఆ గేటు లోపల ఆయన అడుగు పెట్టడం అదే మొదలు. నన్ను చేర్పించిన రోజు కూడా బయటి నుంచే వెళ్ళిపోయిన మనిషి. నా క్లాసుకే వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. నేను పాఠం మొదలుపెట్టకముందే చెయ్యి ఎత్తాడు.

"ఈ జాగ ఎవలది?"

నవాబు నుంచి సర్కారుకు ఎలా వచ్చిందో చెప్పడం మొదలుపెట్టాను.

"పాత ముచ్చట గాదు బిడ్డా. ఇప్పటిది అడుగుతున్న. నది దిక్కు జాగ ఎవలన్న అడిగిండ్రా, లేదా?"

నాకు తెలియదన్నాను. ఖులా దిన్ నాడు తెలియదనడం తప్పు కాదు, కానీ బాపు ముందు అలా అనాల్సి రావడం నాకు కష్టమనిపించింది. వరండాలో ఉన్న మేడమ్ లోపలికి వచ్చారు.

"అడిగారండీ," అన్నారు. "నేను రాకముందు నుంచే అడుగుతున్నారు. నేను ఇవ్వనన్నాను. నా తర్వాత వచ్చేవాళ్ళు ఏమంటారో చెప్పలేను."

మా అనుమానం వట్టిది కాదు. అనుమానించాల్సిన మనిషి మాత్రం ఈమె కాదు.

బాపు లేచి నిలబడ్డాడు. "గీ మాట మొన్న దుకాణంలనే చెప్తే, ఇయ్యొద్దని మేం గూడ అడిగెటోళ్ళం గద మేడమ్."

"నిజమేనండీ. చెప్పాల్సింది," అన్నారామె.

తర్వాత బస్తీ వాళ్ళు, దుకాణాల వాళ్ళు కలిసి కలెక్టరు ఆఫీసుకు పోయారు. ఆపా కూడా చక్రాల కుర్చీలో వెళ్ళింది. జాగా మాట ప్రస్తుతానికి ఆగిందని చెప్పారు. ఎక్కడ ఆగిందో, ఎంతకాలం ఆగుతుందో ఎవరూ చెప్పలేదు. చలికాలంలో పురానాపూల్ మేస్త్రీలు పాత పద్ధతిలో గానుగ పట్టిన డంగు సున్నం వేసి కమానును మళ్ళీ నిలబెట్టారు. మేడమ్ పదవీకాలం పూర్తయింది, పొడిగించలేదు. పోయే ముందు ఆపాను కలిసి, చాలాసేపు కూర్చుని వెళ్ళారట. నాతో మాత్రం చెప్పకుండానే వెళ్ళిపోయారు. చివరిదాకా నన్ను నమ్మారో లేదో నాకు తెలియదు.

ఇప్పుడున్న వీసీ గారు చాలా కలుపుగోలు మనిషి. స్టాఫ్ రూముకు వచ్చి టీ తాగుతారు, అందరి క్షేమం అడుగుతారు. మొన్న ఒక సభలో నవాబు గారి దయ గురించి ఎంతో బాగా మాట్లాడారు. కొత్త సారు ఎట్లుంటడని బాపు అడిగితే, మంచిగనే మాట్లాడుతడని చెప్పాను.

బాపు చేతిలో ఉన్న జరీ చుట్టను పక్కన పెట్టాడు. "గట్లయితే ఇంకింత పైలంగ, కనిపెట్టుకోని ఉండాలె," అన్నాడు.