పానక్కకు పిట్టకు పెట్టిన రోజు

చుక్కల మధ్య తిరిగే ఓడలో మెకానిక్ పనిచేసే ఒక ఆడమనిషిని నాలుగో సినిమాలో ఒక్కటంటే ఒక్క మాటతో చంపేశారు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. అందుకే ఇదంతా చెబుతున్నాను, మా మనవరాలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కొడుతోంది. పుస్తకానికి అనగానే నా నోటికి బడి భాష వస్తుంది, మనుషులు మాట్లాడుకున్నది మాత్రం మా ఇంటి భాషలోనే ఉండాలి. అది మార్చొద్దని పిల్లకు ముందే చెప్పాను.

అవి ఇంగ్లీషు సినిమాలు. తెలుగులో మాట్లాడించారు. ఒక పెద్ద ఓడ, దానికొక కెప్టెన్. ఆ ఓడ ఎప్పుడు చూడు చెడిపోతూనే ఉంటుంది, దానికంటే మా బోరు మోటారు నయం. చెడిపోయినప్పుడల్లా ఆ ఆడమనిషి నడుముకు దోపుకున్న పానా తీసి, కెప్టెన్‌ను నాలుగు తిట్టి, ఇంజను కింద దూరి బాగుచేసి బయటికొస్తుంది. యాభై ఐదేళ్లుంటాయి. నెరిసిన జుట్టు, మోచేతుల దాకా నూనె మరకలు. ఆమె అసలు పేరు మాకు నోరు తిరగదు. చేతిలో పానా ఉంటుంది కాబట్టి మేం పానక్క అని పెట్టుకున్నాం.

మేం అంటే నేనూ, మా వియ్యపురాలూ. మాది చేవెళ్ల, వాళ్లది మొయినాబాద్. మా కోడలికి కన్నతల్లి ఆమె. పెళ్లయిన పన్నెండేళ్ల దాకా మా మధ్య మాటలంటే "బాగున్నవా వదినా?" "బాగున్న వదినా," "మీ దిక్కు వానలు పడ్డయా?" అంతే. కొట్లాటేమీ లేదు. నాది ఆగని నోరు, ఆమెది ఎదుటివాళ్లను ఆపే నోరు. ఒకప్పుడు ఆమె వార్డు మెంబరు. గ్రామసభలో లేచి నిలబడి, మురుగు మోరీ ఎప్పుడు తీస్తారో చెప్పేదాకా ఎవరినీ కూర్చోనిచ్చేది కాదట. అలాంటి మనిషికీ నాకూ పొత్తు ఎక్కడ కుదురుతుంది?

కుదిర్చింది మా మనవరాలికి వచ్చిన అమ్మవారు. పిల్లకప్పుడు పదేళ్లు. ఒంటినిండా పొక్కులు. మంచానికి ఈ పక్క నేను, ఆ పక్క ఆమె, ఇద్దరి చేతుల్లో వేపమండలు. మాట్లాడుకోవడానికి ఏమీ లేక ఇద్దరం టీవీ వైపే చూస్తూ కూర్చున్నాం. పిల్ల ఆ ఓడ సినిమాలు పెట్టుకుంది. మొదటి రోజు మొదటిది, రెండో రోజు రెండోది. రెండోదాంట్లో ఇంజనుకు మంటలంటుకుంటాయి. కెప్టెన్ గోడకు ఆనుకుని వణుకుతుంటే, పానక్క అతన్ని పక్కకు నూకి మంటల్లోకి పాకుతుంది. అప్పుడు మా వియ్యపురాలు తనంతట తాను నోరు తెరిచింది.

"గీమె అచ్చం మా చిన్నమ్మ లెక్కున్నది వదినా."

"మీ చిన్నమ్మ గూడ గిట్లనే తిడుతుండెనా?"

"గింతేనా? ఇంకా పాపం గీమె నయం."

అంతే. ఆ రోజు పొద్దుగూకేదాకా మాట్లాడుకున్నాం. వాళ్ల చిన్నమ్మ ముచ్చట అయిపోయాక మా మేనత్త ముచ్చట, తర్వాత మళ్లీ పానక్క. అదే సినిమాలో ఆమె ఒక టమాట తింటుంది. ఆ ఓడలో అందరూ గొట్టాల్లోంచి ఏదో ముద్ద పిండుకుని తింటారు పాపం. ఎవరో ఒక కుండీలో ఒక్క టమాట పండించి ఆమెకిస్తే, ఉప్పు అద్దుకుని, కళ్లు మూసుకుని, గింజ కూడా వదలకుండా తింటుంది. ఇద్దరం టమాటలు పండించేవాళ్లమే. అది చూసి ఇద్దరికీ కళ్లలో నీళ్లు తిరిగాయి. టమాట చూసి ఏడుస్తున్నారని పిల్ల నవ్వితే పొక్కులు నొప్పి పెట్టాయి.

మూడో సినిమా హాల్లోకి వచ్చినప్పుడు ఇద్దరమే పోయాం. నేను చేవెళ్లలో ముందుగా బస్సెక్కి పక్క సీట్లో దస్తీ వేసి ఉంచాను. మొయినాబాద్‌లో ఆమె ఎక్కింది. ఇద్దరం ఆధార్ కార్డులు చూపించి ఆడవాళ్లకు పైసా తీసుకోని జీరో టికెట్లు తీసుకున్నాం. సినిమాలో పానక్క, ఊడిపోబోతున్న ఓడ తలుపుకు వీపు ఆనించి ఆపి, మొత్తం ఓడను కాపాడింది. తిరుగు దారంతా పల్లీలు తింటూ మేం ఆ తలుపు గురించే మాట్లాడుకున్నాం. ఆ తర్వాత వారానికి మూడు నాలుగు ఫోన్లు. "వదినా, ఆ తలుపును పానా అడ్డం పెట్టి గూడ ఆపొచ్చు గద?" అని ఆమె అడిగేది. వరికోతల మధ్య ఆగి నేను జవాబు చెప్పేదాన్ని. పన్నెండేళ్లు "బాగున్నవా" అనుకున్న మనుషులం!

ఇక నాలుగోది. అరగంట గడిచింది, పానక్క రాలేదు.

"ఏదీ?" అంది మా వియ్యపురాలు.

"వస్తది, జర ఓపిక పట్టు. ఓడ చెడిపోతేనే గద ఆమెతోని పని."

ఓడ చెడిపోయింది. నేను సంబరంగా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఇంజను కిందినుంచి ఒక ఇరవయ్యేళ్ల పిల్ల బయటికొచ్చింది. జుట్టు చెదరలేదు, గోళ్లకు రంగు, చేతికి ఒక్క చుక్క నూనె లేదు. నాకంటే ముందు ఈ పని ఎవరు చేసేవారని కెప్టెన్‌ను అడిగింది. "ఆమె చనిపోయి రెండేళ్లయింది" అని అతను చెప్పి, చిన్నగా నవ్వి, ఒక బటన్ నొక్కాడు. సంగీతం మోగింది, ఓడ పైకి లేచింది.

ఓడతో పాటు మా వియ్యపురాలు కూడా లేచింది.

"ఏమై చనిపోయింది? జెరమా, గుండెనొప్పా? ఆఖరికి నోట్లె నీళ్లు ఎవరు పోసిండ్రు? ఎవరు మోసిండ్రు?"

"ఆంటీ, కూర్చోండి ప్లీజ్" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"కూసుంట. ముందు గాయన్ని చెప్పుమను!"

నేను కొంగు పట్టి లాగి కూర్చోబెట్టాను. తర్వాత ఆ సినిమాలో ఏం జరిగిందో నాకు గుర్తులేదు. ఏవో పేలాయి. బస్సులో ఆమె ఒక్క పల్లీ ముట్టలేదు. మొయినాబాద్ దగ్గరికొచ్చాక లేచి, కమ్మీ పట్టుకుని అన్నది:

"మా గల్లీల కుక్క చచ్చినా, అయ్యో ఎట్ల చచ్చిందని అడుగుతరు వదినా. మూడు సినిమాలు మోసిన మనిషికి గా మాత్రం గతి లేదా? ఇగ నన్ను సినిమాలకు పిలువకు."

దిగిపోయింది. పోయొస్తానని కూడా అనలేదు.

రెండు వారాలు ఆమె ఫోన్ చెయ్యలేదు. నేను చేస్తే "పని మీదున్న వదినా" అని పెట్టేసింది. మూడోసారి చేస్తే "బాగున్నవా? వానలు పడ్డయా?" అంది. మళ్లీ వానల దగ్గరికే వచ్చాం! పానక్క పోతే పోయింది, ఈమెను కూడా వెంట తీసుకుపోయేలా ఉంది. నాకు కడుపునిండా మాట్లాడుకునే మనిషి ఆమె ఒక్కతే.

రెండు రోజులు ఆలోచించాను. పెళ్లికి పిలిస్తే రాకపోవచ్చు, పండగకు పిలిస్తే రాకపోవచ్చు. మా దిక్కు చావు కబురు చెబితే మాత్రం రాకుండా ఉండరు, కొట్లాడుకున్నవాళ్లయినా సరే. ఫోన్ తీశాను.

"వదినా, బుధవారం మా చేన్ల పానక్కకు పిట్టకు పెడుతున్న. చెప్పకపోతే బాగుండదని చేసిన."

"ఎన్ని గంటలకు?" అంది మా వియ్యపురాలు.

పిట్టకు పెట్టడమంటే తెలియనివాళ్లకు చెబుతున్నాను. మనిషి పోయిన మూడో రోజున ఆ మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడి కాకి కోసం చూస్తారు. కాకి ముడితే పోయిన మనిషి తృప్తిగా ఉన్నట్టు. ముట్టకపోతే మనసులో ఏదో ఉండిపోయినట్టు. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరు దండం పెట్టి, నీ పిల్లల్ని చూసుకుంటాం, నీ బర్రెను అమ్మం అని మాటిస్తూ పోతారు. ఏదో ఒక మాటకు కాకి వచ్చి ముడుతుంది.

మా కోడలు నడుం మీద చేతులు పెట్టుకుంది. "అత్తమ్మా, మీకేమన్న అయిందా? సినిమాల మనిషికి పిట్టకు పెడుతరా ఎవరన్నా?"

"మీ అమ్మ వస్తున్నది."

"మా అమ్మనా? దీనికా?" అని, చాట అందుకుని, "ఎంత మందికి వండాలె మరి?" అంది.

బుధవారం పొద్దున్నే మా వియ్యపురాలు మాంసం కూర డబ్బాతో దిగింది. ఇద్దరం చేనుకు పోయాం, వెనక మా మనవరాలు. బోరు పక్కన చోటు అలికి విస్తరి వేశాం. అన్నం, మాంసం, వియ్యపురాలు సీసాలో తెచ్చిన కల్లు. నేను మధ్యలో మంచి ఎర్రటి టమాట పెట్టి పక్కన ఉప్పు వేశాను. కల్లు దగ్గర వాదన మొదలైంది, ముందు నేనే అడిగాను.

"కల్లెందుకు వదినా? ఆమె తాగంగ ఎన్నడన్న సూసినవా?"

"అంత పనిచేసే మనిషి తాగకుంటే ఉంటదా? మనకు సూపెట్టలేదంతే."

సరే అన్నాను. తర్వాత ఫొటో. మా మనవరాలు తన ఫోన్‌లో పానక్క ఫొటో తీసి విస్తరి ముందు రాయికి ఆనించింది. మేం దండం పెట్టేలోపు తెర ఆరిపోయింది. మళ్లీ వెలిగించింది, మళ్లీ ఆరిపోయింది. మూడోసారికి మా వియ్యపురాలికి కొత్త భయం పట్టుకుంది.

"వదినా, ఫొటోల ఉన్నది యాక్టరమ్మ గద. ఆమె ఎక్కడనో సల్లగ బతికున్నదాయె. ఆమెకు కీడు తాకుతదేమో!"

గబగబా ఫోన్ తీయించి, మోటారు గదిలోంచి పానా తెచ్చి ఆ చోట పెట్టాం. "ఇది పానక్కకే, ఇంకెవ్వరికీ కాదు" అని గట్టిగా మూడుసార్లు చెప్పాం, వినవలసినవాళ్లు వింటారని.

దూరంగా నిలబడ్డాం. కరెంటు తీగ మీద ఒక కాకి వాలింది. విస్తరి వైపు చూసింది, మా వైపు చూసింది. దిగలేదు.

"పానక్కా, గా కెప్టెన్‌ను ఎన్నటికీ మన్నించం. ఫికర్ చెయ్యకు, తిను" అన్నాను.

కాకి కదల్లేదు.

"నీ పేరు మేం మరువం" అంది మా వియ్యపురాలు.

కాకి ముక్కు తీగకు రాసుకుంది.

"ఆ కొత్త పిల్లను తిట్టం. పాపం ఆ పిల్ల ఏం జేసింది?" అన్నాను.

"నువ్వు తిట్టకు. నేను తిడత."

"పిట్ట ముంగట గట్లంటవేంది వదినా? అది దిగద్దా?"

"అబద్ధం మాటిస్తే దిగుతదా?"

ఇద్దరం ఇలా వాదించుకుంటుంటే మక్కచేనులోంచి ఒక నెమలి బయటికొచ్చింది. తోక ఈడ్చుకుంటూ, పెళ్లికొచ్చిన పెద్దమనిషిలా మెల్లగా నడుచుకుంటూ వచ్చి విస్తరి ముందు ఆగింది. అన్నం చూడలేదు, మాంసం చూడలేదు. టమాటను ఒక్క పోటు పొడిచి, ముక్కున కరుచుకుని పరుగెత్తింది. కాకి కావుమని అరిచి ఎగిరిపోయింది.

మా మనవరాలు గట్టుమీద కూలబడి నవ్వుతోంది. నాకూ నవ్వొస్తోంది, చావు కార్యం కదా అని ఆపుకుంటున్నాను. మా వియ్యపురాలు మాత్రం కొంగు నడుముకు దోపి, గ్రామసభలో నిలబడ్డట్టు నిలబడింది.

"కాకి ముట్టలే. నెమలి లెక్కల రాదు. అంటే మనిషి చచ్చిపోనే లేదు!"

"మరి టమాట ముట్టింది గద వదినా? అది ఆమెకు ఇష్టమైన టమాట."

"నెమలికి టమాట కావాలె, తిన్నది. రోజూ మన చేన్లకు వచ్చి తింటలేదా? రోజూ ఎవరన్న చస్తున్నరా?"

ఇక నవ్వు ఆగలేదు. నేను నవ్వితే ఆమె నవ్వింది. ఇద్దరం ఒకళ్ల భుజం ఒకళ్లం పట్టుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ మోటారు గది నీడలో కూలబడి, డబ్బాలో మిగిలిన మాంసం, అన్నం తిన్నాం. రెండు వారాల తర్వాత ఆమె నా ఎదురుగా కూర్చుని ముద్ద మింగకుండానే మాట్లాడుతోంది!

"కెప్టెన్ అబద్ధమాడిండు వదినా."

"ఎందుకు ఆడుతడు?"

"ఆమె అలిగి ఓడ దిగి పోయింది. గాయనకు సిగ్గయి, చచ్చిపోయిందని చెప్పిండు. ఓడ నడుస్తున్నదంటే ఆమె పుణ్యమే అని నలుగురికి తెలిస్తే గాయన ఇజ్జత్ ఏం గావాలె?"

"నిజమే! మరి యాడికి పోయింది?"

"నువ్వే చెప్పు."

చెప్పాను. ఇంకో ఓడ ఉంది, దాంట్లో అన్నీ టమాట తోటలే, ఆ నీళ్ల మోటార్లన్నీ పానక్క చేతికింద ఉన్నాయి. ఆమె తల ఊపింది. మర్నాడు పొద్దున్నే ఫోన్. "వదినా, ఆ తోటలల్ల పనికి ఎవరున్నరు?" ఆ మర్నాడు ఇంకో ఫోన్. అలా మొదలై ఇప్పటికి నాలుగు నెలలు. ఐదో సినిమా వస్తుందట, తానే చెప్పింది. "పోదాం వదినా, దస్తీ ఎయ్యి. మనం చెప్పుకున్నదానికి వాళ్లు ఎంత తప్పు తీసిండ్రో సూడాలె గద!"

ఇంత బాగుంది కదా, ఇప్పుడు ఆమె పానక్కకు పెళ్లి చేస్తానంటోంది! ఆ తోటల ఓడలో డాక్టరున్నాడట, పెళ్లాం పోయిందట, మంచివాడట. నాకు ఒళ్లు మండిపోయింది. మంటల్లో పాకి, తలుపుకు వీపు ఆనించిన మనిషికి ఇప్పుడు ఈ డాక్టరు గొడవెందుకు? సినిమావాళ్లు ఒక్క మాటతో చంపారు, ఈమె బాసింగం కట్టి చంపుతోంది. నిన్న అదే చెప్పి ఫోన్ పెట్టేశాను. పొద్దున మొదటి బస్సుకు వచ్చేసింది. వంటింట్లో మా కోడలితో కలిసి చిక్కుడుకాయలు తుంచుతూ, నేను చెప్పేదంతా వింటోంది.

"పెండ్లి అయిందని రాయి బిడ్డా!" అని అక్కడినుంచే అరుస్తోంది.

"రాయకు! కాలే!"

"లగ్గం పెట్టుకున్నరని అన్న రాయి!"

"బిడ్డా, ఆ ల్యాప్‌టాప్ ఇటు తిప్పు. వదినా, నువ్వు చిక్కుడుకాయ చేత పట్టుకొని ఇటు రాకు. ముందు నేను అడిగినదానికి జవాబు చెప్పు. ఆ డాక్టరుకు పానా పట్టరావాలె గద, వస్తదా?"

"నేర్పిస్తది!"

"ఎవరు నేర్పిస్తరు, పానక్కనా? ఆమెకు ఇదే పనా?"

"మరి నాకు నువ్వు నేర్పిస్తలేవా, ఎట్ల మాట్లాడాల్నో?"

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది, నా వాదన మర్చిపోయాను. అయినా సరే, పెళ్లి మాత్రం కాలేదు. అది రాయి.