పెద్దనాయన సున్నం కొట్టిన గోడ

మా ఎదురింటి పెద్దనాయన పోయాడని పోయిన నెల ఒక ఉదయం అమ్మ ఫోన్ చేసింది. "నిద్రలోనే పోయినాడు పాపా. రా" అంది. కర్నూలులో నేను పత్తికొండ బస్సెక్కాను.

ఆయనతో మాకు రక్తసంబంధం లేదు. గోడల మీద ప్రకటనలు రాసే పెయింటరు. సిమెంటు, సబ్బు, విత్తనాలు, ఏవైనా సరే. రాయడానికి ముందు ఆ ఇంటి ఆడమనిషిని అడిగేవాడు. "గోడ అలికేది ఆయమ్మ కదా" అనేవాడు. కంపెనీకి కావలసిన మేరకే కాకుండా గోడంతా సున్నం కొట్టి ఇచ్చేవాడు. వరుసలో చివరి అక్షరానికి చోటు ముందే గీత గీసి ఉంచుకునేవాడు, అది ఇరుకున పడకూడదని.

నేను కాన్వెంటులో ఎనిమిదో తరగతి చదివేటప్పుడు, 'అడ్వర్టైజ్‌మెంట్' అనే మాటకు అర్థమూ, ఇంట్లో దాన్ని ఎలా వాడతారో కూడా రాసుకురమ్మన్నారు సిస్టర్. నిఘంటువులో 'ప్రకటన' అని ఉంది. నాకు తెలిసిన ప్రకటనలు ఆదివారం చర్చిలో ఆరాధన చివర సంఘపెద్ద చదివేవి: ఎవరి పెళ్లి, ఎవరింట్లో ప్రార్థన. అమ్మకు 'అడ్వటేజు' అంటే టీవీలో సీరియల్ ఆగినప్పుడు లేచి కూర చూసి వచ్చే సమయం. పెద్దనాయనను అడిగాను.

"అదేం కష్టం పాపా! ఒకని మాట ఇంకొకని గోడ మీద ఉంటే అడ్వటేజు."

ఆ మాట రాస్తే క్లాసులో నవ్వుతారని భయపడి నిఘంటువులో ఉన్నదే రాశాను. ఆ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆ ఏడాదే ఒక రైతు ఆయన ఇంటికి వచ్చాడు. అంతకు కొన్ని నెలల ముందు, కర్నూలు రోడ్డు పక్కన ఆ రైతు ఇంటి గోడ మీద పెద్దనాయన టమోటా విత్తనాల ప్రకటన రాశాడు, పసుపు రంగు పెద్ద అక్షరాలతో. రైతు ఆ విత్తనమే కొని నాటాడు. మొక్కలు నడుమెత్తు పెరిగాయి, కాయ పట్టలేదు. మా అరుగు మీద పుస్తకం పట్టుకుని కూర్చున్న నాకు ప్రతి మాటా వినిపించింది.

"ఏమప్పా, నా గోడ మీదనే రాసి నన్నే ముంచితివి కదా!"

"కూలికి రాసినానప్పా. యిత్తనం నాది కాదు."

"యిత్తనం నీది కాదు, చెయ్యి నీదే కదా? కంపెనోని మొగం నేను యాడ జూసినా? నీ రాత జూసి కొంటి."

మరునాడు పెద్దనాయన సున్నం బక్కెట్టు సైకిలుకు తగిలించుకున్నాడు. పెద్దమ్మ అడ్డం నిలబడింది.

"గడువు కాకుండానే తుడిపేస్తే కంపెనోళ్ళు మళ్ళా పనిస్తారా?"

"ఇయ్యకపోతే పోనీలే. అబద్ధం నా చేతిరాతలో ఉండాది."

ఆ గోడకు సున్నం కొట్టాక కంపెనీ వాళ్ళు మళ్ళీ పిలవలేదు. ఆ తర్వాత ఎవరు రాయమని వచ్చినా ఆయన సరుకు చూడనిదే కుంచె పట్టేవాడు కాదు. "ఏమప్పా, సబ్బు పేరు రాయాలంటే నువ్వు స్నానం చేసి చూడాల్నా?" అని ఒక అంగడాయన ఎగతాళి చేస్తే, "చూడాల్నప్పా. ఈడ పెట్టిపో, రేపు చెప్తా" అన్నాడు. ఆయన పని సగానికి సగం తగ్గిపోయింది.

నూనె రంగు మీద సున్నం నిలవదు. వాన పడితే పెచ్చులూడి అవే పసుపు అక్షరాలు తేలేవి. అందుకని ఏటా వానల తర్వాత వెళ్లి మళ్ళీ సున్నం కొట్టి వచ్చేవాడు. ఒకసారి సెలవుల్లో నేనూ వెంట వెళ్లాను. రైతు మమ్మల్ని చూసి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

"ఆయన మాట్లాడనే మాట్లాడడు కదా, ఎందుకు పెద్దనాయనా?" అన్నాను.

"మాట్లాడాలని కాదు పాపా." కుంచె ముంచి గోడకు రాస్తూ అన్నాడు. "మాట్లాడితే బాగుంటాది. అంతే."

ఆయన ఉన్నంతకాలం రైతు మాట్లాడలేదు.

సమాధి చేసిన మూడో రోజు ఆ రైతు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. బాగా ముసలివాడయ్యాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, పెద్దమ్మతో మెల్లగా అన్నాడు.

"మొన్న వానకు నా గోడ మీద అచ్చరాలు తేలినాయమ్మా. ఆయప్ప కుంచె ఉంటే ఇస్తావా?"

పెద్దమ్మ లోపలికి వెళ్లి కుంచె తెచ్చి ఇచ్చింది.

మరునాడు నేను కర్నూలుకు తిరిగి వెళుతుంటే బస్సు కిటికీలోంచి ఆ గోడ కనిపించింది. రైతు నిచ్చెన మీద ఉన్నాడు. సున్నం తడిగా ఉన్నంతసేపు కింది రాత దాగదు, ఎండేకొద్దీ తెల్లబడుతుంది. ముందు కొట్టి ఎండిన చోట అక్షరాలు అప్పటికే మాయమయ్యాయి. కుంచె అప్పుడే తాకిన చోట మాత్రం, ఆ తడిలో, పెద్దనాయన రాత ఇంకా పసుపుగా కనిపిస్తూ ఉంది.