మిరపనారు మీద వాక్యపు ఫ్లెక్సీ

ఆవగింజంత విత్తనంలో ప్రాణం దాచి, మన కంటికి కనబడకుండానే దాన్ని మేల్కొలిపే దేవునికి స్తోత్రం. మనం తెలియక చేసే పనులను కూడా ఓర్చుకునే ఆయన నామానికే మహిమ.

మా అక్క ఉయ్యాలవాడ దగ్గర చేను కౌలుకు చేస్తుంది. బావ పోయినప్పటి నుంచి ఒక్కతే. ఈ యేడు ఆమె మడిలో పోసిన మిరపనారు ముసురుకు కుళ్లిపోయింది. చేను దున్ని సిద్ధంగా ఉంది, నాటడానికి నారు లేదు. అదును దాటితే ఈ యేటికి అది బీడే. ఆళ్లగడ్డలో మా పెరడు ఎత్తు మీద ఉంటుంది కాబట్టి, నేను పెంచి ఇస్తానని మాటిచ్చాను.

నంద్యాలకు పోయి నారు పెంచే ట్రేలు, కొబ్బరి పొట్టు తెచ్చి, విత్తనాలు వేశాను. పాత ప్లాస్టిక్ పైపులను విల్లులా వంచి, నేలలో పాతిన ఇనుప చువ్వలకు తొడిగాను. పైకప్పుకు ఏం వేయాలా అనుకుంటుండగా, మా మందిరంలో ఉజ్జీవ సభలు ముగిసి పెద్ద ఫ్లెక్సీ విప్పారు. పాస్టరయ్యను అడిగి తెచ్చుకున్నాను. వాన చుక్క దిగదు. అయితే దాని మీద బైబిలు వాక్యం ఉంది. అక్షరాలు బయటికి ఉంటే కాకులు రెట్టలు వేస్తాయని నా భార్య ఒప్పుకోలేదు. అందుకని అక్షరాలు లోపలికి, నారు వైపుకు తిప్పి కట్టాం. పొద్దున్నే వంగి లోపలికి పోయి, నీళ్లు చిలకరించి, ప్రార్థన చేసి వచ్చేవాణ్ణి. మొలకలు తొందరగా పొడుగు లేచాయి. వాక్యం కింద పెరిగితే ఇలాగే ఉంటుందని సంతోషపడ్డాను.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అక్క చూడటానికి వచ్చింది. లోపలికి తల పెట్టి, ఒక మొలకను వేలితో ఎత్తి చూసింది.

"ఏందిరా ఇది? దారాల మాదిరి ఉండాయి."

"ఎంత పొడుగు లేసినాయో చూడక్కా."

"వెలుతురు యాడుందా అని ఎతుకులాడతాండాయిరా అవి! దేవుడు ముందు వెలుతురు చేసి, ఆనక గదా మొక్కల్ని చేసింది? నువ్వు ఆయన వరస గూడా మారిస్తివా?"

నా భార్య నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. "బాగా అడిగినావు వదినా. ఈయప్ప నా మాట యాడ వింటాడు?"

"నువ్వేం తక్కువ? కాకి రెట్ట తలిచినావు గానీ నారు తలిచినావా?" అని, అక్క ట్రేల పక్కన చతికిలబడింది. "ఇదీ పోతే నేనేం నాటుకోవాలరా?"

ఆ మాటతో మా నవ్వు ఆగిపోయింది.

ముగ్గురం ఫ్లెక్సీ విప్పి, నేలకు తగలనీయకుండా చేతుల మీదే మడిచాం. మరునాడే వెలుతురు దిగే కవరు తెచ్చి కట్టాను. ఒరిగిన మొక్కల మొదళ్లకు తడిపొట్టు ఎగదోసి నిలబెట్టాం. ఎండ ముదిరే వేళకు కవరు అంచులు ఎత్తి గాలి పోనిచ్చాం. కొన్ని చచ్చాయి. మిగిలినవి మెల్లగా పచ్చబడి, కాడ గట్టిపడ్డాయి.

మొన్న వాటిని అక్క చేనులో నాటాం. చేనంతటికీ చాలలేదు, మిగిలిన చోట జొన్న చల్లుతానంది. నాటిన మొక్కలు ఇంకా తల వాల్చే ఉన్నాయి. వేరు పట్టిందీ లేనిదీ ఇప్పుడే తెలియదు. చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం కళ్లు మూసుకుని, ఆ వేళ్లు మట్టిని పట్టుకోవాలని, ఒంటరిగా సేద్యం చేసుకునే మా అక్క చేయి ఖాళీగా మిగలకూడదని మాతో కలిసి ప్రార్థించండి.