పంపు ఫైళ్లలో రెండు చుక్కలు

మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయిని చూస్తే నాకు కుళ్లు. ఇంతకన్నా మర్యాదైన మాట కోసం వెతికాను, దొరకలేదు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన గని ఆఫీసరుగారి కూతురు, రామగిరి వైపు కాలనీ బంగళాలో పెరిగింది. నేను గోదావరిఖనిలో గని కార్మికుడి బిడ్డను. ఆమె జుట్టు నుంచి ఇంగ్లిషు దాకా ప్రతిదీ నాకు కడుపుమంటే.

గనుల్లో ఊరే నీటిని తోడే పంపుల లెక్కలు రాసే ప్రోగ్రాం నాది. మా చిన్న కంపెనీకి అన్నం పెట్టేది అదే. దాన్ని కాసిపేట గనిలో పెట్టే పని వచ్చింది. అక్కడికి ఎవరు వెళ్తే ఇకపై ఆ పనికి వాళ్లే పెద్ద. మనసులో నేను ఎప్పుడో వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాను.

చిక్కేమిటంటే నేను రాసింది లినక్స్ మీద, కాసిపేటలో ఉన్నవి విండోస్ కంప్యూటర్లు. మార్చి నడిపితే పంపుల ఫైళ్లన్నీ కనిపిస్తున్నాయి, తెరిస్తే ఖాళీ. ఫోల్డర్ల పేర్ల మధ్య పెట్టే ఏటవాలు గీత లినక్స్‌లో ఇటు, విండోస్‌లో అటు వాలుతుంది కదా అని ఆ దారులన్నీ తిరగరాశాను. లాభం లేదు. ఇంతలో మా కంపెనీ నడిపే సార్ వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఏమాయె బిడ్డా? రేపటికల్ల అయితదా?"

"అయితది సార్, ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాను. నాకే నమ్మకం లేదు.

ఆ పిల్ల కుర్చీ జరుపుకుని వచ్చి నా తెర వంక కాసేపు చూసింది. "అక్కా, లెక్కలు ఎక్కడికీ పోలేదండి. లోపల దాక్కున్నాయి," అంది.

షిఫ్టు మొదలయ్యే వేళను నేను ఫైలు పేరులోనే పెట్టాను, 7:00, 3:00, 11:00 అని. మా ఇళ్లలో తిండీ నిద్రా నడిచేది ఆ వేళలతోనే కాబట్టి ఇంకో పేరు తోచనే లేదు. లినక్స్ అడ్డు చెప్పలేదు. విండోస్ మాత్రం ఆ రెండు చుక్కలు చూడగానే పేరు అక్కడికే ఆపేసి, లెక్కలన్నీ ఫైలు వెనక కనిపించని అరలో పెట్టిందట. ఆమె చుక్కలు తీసి అడ్డగీత పెట్టింది. అంకెలన్నీ వచ్చేశాయి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, సంతోషంతో మాత్రం కాదు.

"శభాష్! కాసిపేటకు ఇగ నువ్వే పోవాలె," అన్నాడు సార్ ఆమెతో.

"అయ్యో, ప్రోగ్రాం అక్కదండి. నేను పేర్లు మార్చానంతే. అక్కే వెళ్లాలి."

సార్ నా వైపు తిరిగాడు. "మరి నువ్వు పోతవా?"

నా పేరు చెడగొట్టి తాను వెళ్లుంటే హాయిగా తిట్టుకునేదాన్ని. ఇంత మంచిగా ఉండి ఆ దారి కూడా లేకుండా చేసింది. ఆమెనే పంపండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. రోషం ఉన్నదాన్నయితే అనేదాన్నే.

"పోత సార్," అన్నాను.

కాసిపేటలో ఇప్పుడు అందరూ నన్ను మేడం అంటారు, పని బాగుందంటారు. అన్నప్పుడల్లా ఆమె ముఖం గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది. ఆమె రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి, "అక్కా, తిన్నారా?" అని అడుగుతుంది. తిన్నానంటాను. నువ్వు తిన్నావా అని మాత్రం ఇంతవరకు అడగలేదు.